టువాలు కింద ఒప్పందం

ఆదోనిలో జహంగీర్ సాబ్ జిన్నింగు మిల్లు. పందొమ్మిది వందల ఎనభై ఆరు, పత్తి దిగే కాలం. యూనివర్సిటీలో కంప్యూటర్ల లెక్చరరు వెంకటేశులు ఒప్పంద కాగితం మీద సంతకం దొరికేదాకా లేవకూడదని ఒట్టు పెట్టుకుని చాప మీద కూర్చున్నాడు, పాపం. ఎదురుగా సాబ్. పక్కన దళారి బసన్న, అతని భుజాన టువాలు.

“అయితే సారూ, మీ మిషను చూస్తాదంటావు.”

“చూస్తుంది జహంగీర్ సాబ్. మనకు కన్నెట్లనో దానికి కెమెరా అట్ల. పత్తిని చూస్తుంది, కంప్యూటరు లెక్క కడుతుంది, మొదటి రకమా రెండో రకమా చెప్పేస్తుంది.”

“ఎవరికి చెప్తాది?”

“ఎవరికేముంది, అందరికీ! పచ్చలైటు వెలిగితే మొదటి రకం, ఎర్రలైటు వెలిగితే...”

“ఆగు, ఆగు. అందరికీనా? బసన్నా, విన్నావా?”

“ఇన్నా సాబూ. అందరికీ అంట.”

“అమ్మేటోనికి గూడానా?”

“ఆయనకూ తెలుస్తుంది సాబ్. అదే కదా దీని గొప్ప! రైతుకూ మోసం లేదు, మీకూ మోసం లేదు.”

“బసన్నా, సారుకు మంచినీళ్ళు ఇయ్యి. ఎండన పడి వచ్చినాడు.”

“నాకేం కాలేదు సాబ్. ఈ కాగితం మీద మీరొక్క సంతకం పెడితే చాలు. మేం మిషనిస్తాం, మీరు మిల్లులో పెట్టి వాడి చూస్తారు. బాగుంటే ఊరూరా అమ్ముకుందాం. యూనివర్సిటీ, పరిశ్రమ చెయ్యీ చెయ్యీ కలిపితే...”

“ఆ మాట చెప్పు! చెయ్యి! సారూ, మా మార్కెట్లో బేరం నోటితో ఆడం. బసన్న టువాలు పరుస్తాడు. దాని కింద అమ్మేటోని చెయ్యి, కొనేటోని చెయ్యి. ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పట్టుకుంటే ఇంకో ధర. పక్కనోనికి తెలీదు. మా తాత నాటి నుంచి ఇదే. అందరి ముందర నీ లైటు వెలిగితే మా టువాలు ఏం గావాల?”

“పోనీ, లైటును కూడా టువాలు కిందనే పెడదాం.”

“కింద పెడితే ఎట్ల కనపడతాది సారూ?”

“అదీ నిజమే బసన్నా.”

“అందుకే లైటు పీకేసి వేళ్ళు పెట్టు సారూ.”

“వేళ్ళా? మిషనుకా సాబ్?”

“రబ్బరువైనా చాలు. ఐదే పెట్టు. ఆరుంటే జనం నమ్మరు.”

“గోర్లు మటుకు వద్దు సారూ, గుచ్చుకుంటాయి.”

“సరే బసన్నా, గోర్లు లేకుండా పెడతాను. కిందామీదా పడి పెడతాను. సాబ్, ఇంక సంతకం...”

“కెమెరా?”

“కెమెరాకేమైంది?”

“మొన్న నువ్వు దాన్ని ఈడ నిలబెట్టి పోయినావు గదా. పెద్దకడుబూరు రైతులు తల దువ్వుకోని దాని ముందర వరస కట్టినారు. ఒక్కడు పత్తి దించలా. ఫోటో ఎప్పుడిస్తావు సాబ్ అని ఒకటే గోల. దాని మొగానికి ఒక గుడ్డ కప్పు.”

“కప్పితే పత్తిని ఎట్ల చూస్తుంది?”

“అది చూసే పన్లేదులే. మా బసన్న చూస్తాడు.”

“బసన్న చూస్తే ఇంక మిషనెందుకు సాబ్!”

“నేనూ అదే అడగాలనుకుంటి. చదువుకున్నోడివి, నొచ్చుకుంటావని అడగలా.”

“సాబ్, నా బాధ కొంచెం వినండి. ఎమ్మిగనూరు పోయి, మగ్గం గుడ్డలో తప్పులు పట్టిస్తాను బాబూ అంటే, మా గుడ్డలో తప్పులా అని తరుముకున్నారు. ఇప్పుడు మీరూ లేదంటే మా కంప్యూటరును పరీక్షల ఆఫీసుకు ఎత్తుకపోతారు, మార్కులు కూడుకోడానికి. పెళ్ళి కూడా వాయిదా వేసుకుని చేసిన పని సాబ్ ఇది. నాకు ఏడుపొస్తాంది.”

“అయ్యయ్యో! మగపిల్లోడివి, మిల్లులో కండ్లనీళ్ళు పెట్టుకుంటారా? నీకేం గావాలో అది చెప్పు.”

“గుడ్డ కప్పండి, వేళ్ళు పెట్టండి, మీ ఇష్టం. ఒప్పందమంటూ ఒకటి కావాలి. మిషనుకు చూపించి నేర్పించడానికి పత్తి కావాలి.”

“ఎంత పత్తి?”

“ఎంతైనా సాబ్! ఎంత చూపిస్తే అంత నేర్చుకుంటుంది. దానికి చాలనేది లేదు.”

“చాలనేది లేదంట. బసన్నా, విన్నావా?”

“ఇన్నా సాబూ. టువాలు పరసల్లా?”

“పరుచు. సారూ, ఆ కాగితం జేబులో పెట్టుకో. మా దగ్గర ఒప్పందమంటే ఇదే. చెయ్యి ఇట్ల తా.”

“ఇంతేనా? ఈ ముక్క ముందే చెప్పుంటే... ఇదిగోండి.”

“అబ్బా, ఏం మెత్తగుండాది సారూ నీ చెయ్యి! సుద్దముక్క తప్ప ఏం పట్టినట్టు లేదు. ఇంద. ఇదైతే?”

“సాబ్, సాబ్, చక్కిలిగింత...”

“నగుతాండాడు సాబూ. గట్టి బేరగాడే.”

“సరే, నీ నవ్వు కోసం తగ్గినా. ఇదైతే?”

“చెమటకు జారిపోతాంది సాబ్, ఉండండి, గట్టిగా పట్టుకుంటా.”

“పట్టినాడు సూడు సాబూ! గుప్పెడు నిండా పట్టినాడు!”

“కుదిరింది. అల్లా మేలు చేయనీ. కుదిరింది సారూ!”

“కుదిరిందా? నిజంగానే? మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను సాబ్! రేపు మా పెద్దసారు మొగం చూడాల. ఇంతకీ ఏమని కుదిరింది?”

“బయటికి చెప్పగూడదు.”

“నాకు కూడానా? ఒప్పుకున్నోణ్ణి నేనే కదా!”

“నీ చెయ్యే గదప్పా, నీకు తెలీదా? పత్తి ఎంతైనా గావాలంటివి, గుప్పెడు నిండా పట్టి ధర ఒప్పుకుంటివి. కొనేటోడు అంతకంటే ఏం చేస్తాడు?”

“కొనేదా? నేను మిషను ఇయ్యడానికి వచ్చినా సాబ్!”

“చెయ్యి తీసినాక మాట తిప్పగూడదు సారూ, ఆలూరు దాకా నవ్వుతారు. బసన్నా, పత్తి ఎత్తమని మనోళ్ళకు చెప్పు.”

“ఎత్తుతానే ఉండారు సాబూ, ఒక లారీ నిండింది, రెండోది నిలబడింది. సారూ, మీ యూనివర్సిటీ గేటు ఎంత ఎడల్పుంటాది?”