పుస్తకంలో లేని వడ్డన

కొరియాలోని అందోంగ్‌లో పెద్దింటి కోడలు మాల్‌సూన్ తద్దినం వంటలు నేర్పే తరగతిలో చేరి, రెండో గురువారమే మధ్యలో లేచి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం వంటింట్లో ఆమె, తోటికోడలు గుమ్‌రే కూర్చుని ముల్లంగి ఆకులు బాగుచేస్తున్నారు.

“నవ్వకే.”

“నవ్వట్లేదక్కా. ముప్పై ఎనిమిదేళ్లుగా ఏడాదికి పదకొండు తద్దినాలు వండే మీరు వెళ్లి తద్దినం వంట నేర్చుకోవడమేమిటి? చేపలమ్మే ఆవిడ కూడా అడిగింది నన్ను.”

“నేర్చుకుందామనే వెళ్లాను. నేర్పితేగా.”

“ఏం నేర్పారేం?”

“చేపముక్కలు గుడ్డుసొనలో ముంచి వేయించడం. అదైనా సరిగ్గానా? తడి తుడవకుండానే పిండిలో దొర్లించింది. మూకుడు కాగకముందే వేసేసింది. నూనె తాగి తడిగుడ్డల్లా అయ్యాయి. పైగా ‘చూశారా, ఎంత మెత్తగా వచ్చాయో’ అంటుంది.”

“ఎవరావిడ?”

“ముప్పై ఏళ్లుంటాయో లేదో. చేతులకి ప్లాస్టిక్ తొడుగులు. ముల్లంగి తరిగితే ఒక్కో ముక్క ఒక్కో మందం.”

“మీరు ఊరుకున్నారా?”

“ఊరుకున్నాను.”

“మీరా!”

“రెండు వారాలూ నోరెత్తలేదు. ఆ పిల్ల చెప్పిందల్లా రాసుకున్నాను కూడా. చేప తల తూర్పుకి, అన్నం ఎడమకి, పులుసు కుడికి… నా పెళ్లైన నెలలోనే అత్తగారు మొట్టికాయలు వేసి నేర్పినవే అన్నీ.”

“మరెందుకు వెళ్లినట్టు?”

“ఆ ఆకు పండిపోయింది, తీసెయ్.”

“అక్కా, ఎందుకు వెళ్లారు?”

“ఊరికే. ఇంట్లో తోచక.”

“పది రోజుల్లో చుసోక్ పండగ పెట్టుకుని తోచకా?”

“ఒక మాట అడగాలి. అందుకని వెళ్లాను. చాలా?”

“తద్దినాల గురించైతే బావగారిని అడగొచ్చుగా. ఆయనకి తెలియనిది—”

“అడిగాను. ఒక్కసారే అడిగాను. బల్ల మీదున్న గిన్నె తీసి నేలకేసి కొట్టారు.”

“అయ్యో. అక్కా… ఉన్‌చోల్ గురించా?”

“మొదటివారం ఆ పంతులమ్మ చుట్టూ జనం. ఇవాళ అందరూ గిన్నెలు కడుగుతుంటే పక్కకి పిలిచి అడిగాను. పెళ్లి కాకుండా పోయిన కొడుక్కి ఎలా వడ్డించాలమ్మా అని.”

“ఏమంది?”

“‘అమ్మానాన్నలకంటే ముందు పోయినవాళ్లకి తద్దినం ఉండదండీ’ అంది. ‘అది నాకూ తెలుసు, ఉంటే ఎలా ఉంటుందో చెప్పు’ అన్నాను. పాపం, పుస్తకం చివరి పేజీదాకా తిరగేసింది. లేదంది.”

“అంతేనా?”

“కారం, వెల్లుల్లి వేయొచ్చా అన్నాను. పెద్దలకి పనికిరావంది. ‘పెద్దలెవరమ్మా? ముప్పై ఒక్కేళ్ల పిల్లవాడు. కారం లేకపోతే వాడికి ముద్ద దిగదు’ అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. గిన్నెలు కడిగేవాళ్లంతా ఇటు తిరిగారు. ఆ పిల్ల తడి తొడుగుతోనే నా చెయ్యి పట్టుకుని ‘ఇంటికెళ్లి కాసేపు పడుకోండి’ అంది. వచ్చేశాను.”

“పోనీలెండి అక్కా.”

“ఏం పోనీ? ఓడల కార్ఖానాలో అంత ఎత్తునుంచి పడ్డవాడికి గుప్పెడు మట్టైనా దక్కనివ్వలేదు మీ బావగారు. బూడిద ఏట్లో కలిపేశారు. ఇంట్లో వాడి పేరెత్తొద్దన్నారు. సరే, ఎత్తలేదు. మూడేళ్లు. ముక్కూ మొహం తెలియని ముత్తాతలకి వండి వండి పెడుతున్నాను, నా బిడ్డకి గిన్నెడు అన్నం పెట్టే దారి లేదు నాకు. …ఏమే, నువ్వెందుకు ఏడుస్తున్నావు?”

“నన్ను తిట్టండి అక్కా.”

“ఎందుకు?”

“కొట్టినా పడతాను.”

“ముందు చెప్పి చావు.”

“వాడు పోయిన రోజున, ఏటా, బావగారు మా ఇంటికి వస్తారు. వంశంవాళ్ల సమావేశమని మీతో చెప్పి.”

“వచ్చి?”

“వెనకగదిలో బల్ల వేయించుకుంటారు. తండ్రి కొడుక్కి మొక్కకూడదుగా, మొక్కరు. చిన్న గిన్నెలో సారా పోసి ఎదురుగా కూర్చుంటారు. అంతే. చీకటిపడేదాకా కూర్చుంటారు.”

“వంటెవరిది?”

“నాదే.”

“మూడేళ్లూ?”

“మూడేళ్లూ.”

“ఏం వండావు?”

“మాగిన కిమ్చీ వేసి పందిమాంసం పులుసు. ఎర్రగా చెయ్యమన్నారు. వెల్లుల్లి దండిగా వెయ్యమన్నారు.”

“ఆయనా?”

“ఆయనే.”

“నాకెందుకు చెప్పలేదే? పక్కవీధిలో ఉంటూ, రోజూ నా వంటింట్లో కూర్చుంటూ, నా బిడ్డకి నువ్వు వండిపెడుతూ…”

“చెబుతాననే అన్నానక్కా. మొదటి ఏడాదే అన్నాను. బావగారు నా చేతులు పట్టుకున్నారు. ఆయన! ‘దానికి చెబితే వండుతుంది. వండితే, వాడొచ్చి తింటాడని ఆ బల్ల ముందునుంచి ఇక లేవదు’ అన్నారు.”





“తిన్నాడా?”