ఖాళీ కుర్చీ ఎరగనివాడు

కోతలు కోసేవాడికి కొడవలి అక్కర్లేదు, ఎదురుగా నలుగురు కూర్చుంటే చాలు. ఆ సాయంత్రం హాలు మెట్లమీద ఆర్భాటానికి ఆ నలుగురు కూడా దొరకలేదు. ముగ్గురే ఉన్నారు. కుర్చీలు అద్దెకిచ్చేవాడు, మైకువాడు, పూలావిడ.

ఊళ్లోవాళ్ల ఫంక్షన్లు చేయించిపెట్టడమే బతుకుతెరువు కాబట్టి అతన్ని అందరూ ఆర్భాటం అనే పిలిచేవాళ్లు. ఇవాళ్టి ఫంక్షన్ మాత్రం అతనిదే. ఇన్నాళ్లూ ఎవరెవరి కిందో పనిచేసి, ఇప్పుడు సొంత కంపెనీ పెట్టి, దాని ప్రారంభోత్సవం తనే చేసుకుంటున్నాడు. లోపల ముందు వరసలో అతని భార్య, పక్కన ఆవిడ అన్నగారు. ఆ వెనక వరసలన్నీ తెల్లగుడ్డలు తొడుక్కుని ఖాళీగా ఉన్నాయి.

బావగారు ముందే తేల్చి చెప్పాడు. "ఈ ఒక్కసారి చూద్దాం. హాలు సగం నిండినా సరే, నీ దారిన నువ్వు పో. లేదంటే నా ఇనుపసామాన్ల షాపులో నీకో స్టూలు వేసే ఉంచాను." ఆ స్టూలు మీద మేకులు తూకం వేసుకుంటూ కూర్చోవడమంటే ఆర్భాటానికి బతికుండగానే పోవడం. అందుకే గేటువైపు చూడకుండా మాట్లాడుతున్నాడు.

"మొట్టమొదట నేను ఒంటిచేత్తో చేయించింది పళ్ల డాక్టరు క్లినిక్ ఓపెనింగు. చిన్న పనే, కాదనను. యాభై కుర్చీలేస్తే వందమంది దిగారు. డాక్టరు గజగజలాడిపోతున్నాడు. నేను కంగారుపడ్డానా? పళ్లున్నవాళ్లు కూర్చోండి, లేనివాళ్లు వెళ్లి డాక్టరుగారి కుర్చీలో పడుకోండి అన్నా. సర్దుకుపోయారు. ఆ రోజునించీ ఖాళీ కుర్చీ అన్న మాట నేనెరగను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు మైకువాడు ఆవలిస్తూ.

"పేరు పాకిపోయింది. బట్టలమిల్లు యజమాని అరవయ్యో పుట్టినరోజు నా నెత్తిన పెట్టారు. జనం చూడు, కుర్చీకి ముగ్గురు, వాళ్ల ఒళ్లో ఇద్దరు, ఇంకా తోసుకొస్తూనే ఉన్నారు. ఏం చెయ్యను? నాలుగు గోడల కిందా చక్రాలు కొట్టించి బయటికి తోయించా. హాలు మైదానమైపోయింది."

"మరి కప్పు?" అన్నాడు కుర్చీలవాడు.

"అక్కడికే వస్తున్నా. జనం చప్పట్లు కొడుతుంటే ఆ ఊపుకి కప్పు పైనే నిలబడిపోయింది. చప్పట్లు ఆపకండి బాబూ, ఆపితే అందరం పోతాం అని మైకులో చెబుతూనే ఉన్నాం."

"ఆ మైకు నాదేనా?"

"నీకు ముందువాడిది."

పూలావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అద్దాల తలుపు వెనక బావగారు వాచీ చూసుకోవడం ఆర్భాటం కంటపడింది. గొంతు ఇంకాస్త పెంచాడు.

"అదో లెక్కా. కోటీశ్వరుడి కూతురి పెళ్లి సంగతి వినండి. సాయంత్రపుటెండలో ఫొటో దిగాలని పిల్ల పట్టు. ముస్తాబేమో ఎంతకీ తెమలదు, సూర్యుడేమో దిగిపోతున్నాడు. పడమటి దిక్కున ఈ కొసనించి ఆ కొసకి తెర కట్టించా. దిగే దారి కనపడక సూర్యుడు గంటసేపు అక్కడక్కడే తచ్చాడాడు. ఆ వెలుతురికి పోయినవాళ్లు కూడా తెల్లారిందనుకుని లేచొచ్చేశారు. పెళ్లికూతురి తాతగారు, ఆయన కాలం చేసి ఎన్నేళ్లయిందో, వచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. ఆయనకీ కుర్చీ వేయించా. విందు కూడా అయింది. ఇక ఆయన వెళ్లనంటాడే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పూలావిడ గుమ్మానికి కట్టిన దండలవైపు చూస్తోంది. అవి వాడిపోతున్నాయి. ఆవిడకి ఎకసెక్కాలు తెలియవు, మనసులో ఉన్నదే అడిగింది.

"అవన్నీ సరే అన్నా, ఇవాళ ఎవరెవర్ని పిలిచావు?"

"పిలుపులు మన పని కాదమ్మా," అన్నాడు ఆర్భాటం. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి ఏళ్ల తరబడి చెప్పిన మాటే అది. "కుర్చీ మనది, పువ్వు మనది, మైకు మనది. పిలుపులెప్పుడూ ఇంటివాళ్లే చూసుకుంటారు."

"ఇవాళ ఇంటివాడివి నువ్వే కదన్నా," అంది ఆవిడ.

ఎవరూ నవ్వలేదు. కరెంటు పోతే జనరేటరు, రిబ్బను తెగకపోతే రెండో కత్తెర, పెద్దవాళ్లకి మెత్తటి దిండ్లు, అన్నీ గుర్తుపెట్టుకున్న మనిషికి మనుషుల్ని పిలవాలన్న సంగతి కలలో కూడా తట్టలేదు.

"ఇప్పుడైనా మించిపోలేదు, ఫోన్లు చెయ్యి," అన్నాడు కుర్చీలవాడు. "మనవాళ్లే కదా, ఉన్నపళంగా వస్తారు."

ఆర్భాటం ఫోను తీశాడు. ఎవరికి చెయ్యాలి? చెల్లెలు కొత్త ఇంట్లో చేరిననాడు ఎవరి కొట్టు ముందో కత్తెర పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. మేనమామ పోయినప్పుడు ఎవరి పెళ్లిలోనో దీపాలు సరిచూస్తున్నాడు. స్నేహితులు, వాడెలాగూ రాడులే అని ఎప్పుడో పిలవడం మానేశారు. వాళ్లనిప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? తనకంటూ మిగిలింది ఈ మెట్లమీది ముగ్గురే. వాళ్లూ అద్దెకొచ్చినవాళ్లే. ఇన్ని హాళ్లు నింపినవాడికి ఈ లోకంలో పిలవడానికి ఒక్క మనిషి లేడని తెలిసేసరికి ఫోను మళ్లీ జేబులో పెట్టేశాడు.

తలుపు తీసుకుని బావగారు బయటికొచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దున్నే షాపు తీస్తాను. టిఫిన్ చేసే రా," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆర్భాటానికి.

మైకువాడికి జాలేసింది. "తాతగారు వెళ్లనన్నాడన్నావు. ఆ తర్వాత ఏమైందన్నా?"

ఆర్భాటం అద్దంలోంచి లోపలికి చూశాడు. భార్య ఇంకా వేదికవైపే చూస్తూ, ఏదో మొదలవబోతున్నట్టు నిటారుగా కూర్చుని ఉంది. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఏమీ కాలేదు," అన్నాడు. "కుర్చీలు ఎత్తేయండి. మా ఆవిడ కూర్చున్నది మాత్రం ఆఖర్న తియ్యండి."