మొదట ఏది రాయాల?

అత్యవసర విభాగంలో ముందుగా ఏది బాగు చేయాలో తేల్చడానికి, పుంగనూరు దారిలోని ఒక ఆసుపత్రి డాక్టరమ్మ, కిందటేడు అక్కడే భార్యను పోగొట్టుకున్న రైతును పిలిపించింది.

"చెప్పండప్పా, ఈ జాబితాలో మొదట ఏది రాయాల? స్కానింగ్ మిషనా, మంచాలా?"

"మిషన్ కాడికి మేం యాడ పోయినామమ్మా? చీటీ రాయించుకునే లైన్లోనే ఆమె పాణం పాయె."

"గుండెనొప్పని ఎవరికీ చెప్పలేదా?"

"నర్సమ్మకు చెప్పినా. చీటీ లేకుండా లోపలికి పంపితే మీరు తిడతారని ఆమెకు భయం. తన కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, అట్టముక్కతో గాలి విసిరింది."

"ఆమె మీద ఫిర్యాదు ఇవ్వలేదే?"

"యాల ఇస్తానమ్మా? ఆ పొద్దు మమ్మల్ని సూసింది ఆ బిడ్డొక్కతే."

"అయితే ఇదే మొదటిది. ముందు మనిషిని చూడాల, చీటీ తర్వాత. రాస్తాండాను."

"రాసేది మెల్లగా రాద్దురులేమ్మా. ఇప్పుడు లైన్లో ఎవరన్నా చెమటలు పట్టి నిలబడుండారేమో, పోయి సూడండి."