పొడి అక్షరాల గిన్నె

హైదరాబాద్ మన్సూరాబాద్‌లో కింది వాటాలో అద్దెకున్న అమ్మాజీ విజయవాడకు సంచి సర్దుకుంటూ, ఇంటావిడ స్టీలు గిన్నెను ఆమె చేతిలో పెట్టింది.

“ఇదుగో అక్కా, మీ పొడి అక్షరాలు చెక్కిన గిన్నె.”

“ఒట్టి గిన్నె ఇస్తున్నవా? పదేండ్లల్ల ఎన్నడన్న గిట్ల ఇచ్చినవా?”

“పొయ్యి ఆర్పేశాక ఏం పెట్టివ్వను? ఆంధ్రావాళ్లు పోవాలని మీ అబ్బాయే గేటు ముందు అరిచాడుగా!”

“ఒర్లిండు. ఒర్లి ఒచ్చి గీ గిన్నెలనే నీ పులిహోర తిన్నడు, సిగ్గులేనోడు!”

“మీరూ అక్కడే కూర్చుని విన్నారు. ఒక్క మాటన్నారా?”

ఇంటావిడ ఆ ఒట్టి గిన్నెను కొంగుతో తుడవసాగింది.

“నా గిన్నె కూడా ఇచ్చేయండి. దానిమీద నా అక్షరాలున్నాయి.”

“ఇయ్య! ఏం జేస్తవో జేస్కో. నువ్వు మళ్ల ఒచ్చినంకనే ఇస్త.”

2011 సెప్టెంబరులో వెళ్లిన అమ్మాజీ మళ్లీ రాలేదు.