ఉగ్రకేసరి వీరమరణం

ఏసీ మెకానిక్ లింగస్వామికి వానాకాలంలో రెండే పనులు. ఒకటి ఫోన్‌లో ఆట ఆడటం, రెండోది ఆ ఆటలో తాను వెలగబెట్టిన ఘనకార్యాలను దిల్‌సుఖ్‌నగర్‌లో యాదలక్ష్మి చాయ్ బండి దగ్గర కథలు కథలుగా చెప్పడం. ఆ వేళ ముసురు పట్టి, బండి మీద కట్టిన నీలం పట్టా కింద అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. వినేవాళ్ళు కదలడానికి లేదు. కోతలకు ఇంతకంటే మంచి అదను దొరకదు. అయినా లింగస్వామి నోరు విప్పలేదు. అది చూసి యాదలక్ష్మికే భయం వేసింది.

"ఏమైంది తమ్మీ? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"ఇంట్ల మంచిగనే ఉన్నరక్కా. నేనే సచ్చిపోయిన."

చచ్చింది అతని ఉగ్రకేసరి. 'రాతికోట' అనే ఆటలో ఎండాకాలం ముందు నుంచీ అతను కంటికి రెప్పలా పెంచుకొచ్చిన వీరుడు. ఆ ఆటలో ఎదురయ్యే వీరులందరూ ఎక్కడెక్కడో కూర్చుని ఆడే నిజం మనుషులే. ఎవరు ఎవరినైనా చంపొచ్చు. ఒక్కసారి చస్తే మాత్రం అంతే సంగతులు. మళ్ళీ లేవడం ఉండదు. కత్తి, కవచం, కూడగట్టుకున్న బలం, చివరికి పేరుతో సహా గల్లంతు.

"గట్లుంటేనే మజా అన్నా," అన్నాడు పక్కనే సెల్‌ఫోన్లు బాగుచేసే స్టీవెన్. "సచ్చినా మల్ల లేస్తమంటే ఇంక భయమేడిది? భయం లేకుంటే గెలిచినా ఉప్పులేని కూరే."

విశ్వేశ్వరరావు గారు ఒప్పుకోలేదు. ఆయన గుంటూరు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన రిటైర్డ్ లెక్కల మాస్టారు. "ఇదేం మజా అయ్యా? నెలల తరబడి పెంచుకున్న ప్రాణిని దారినపోయే దానయ్య వచ్చి ఒక్క వేటుతో తుడిచిపెట్టేస్తాడా? ఆట అలసట తీర్చాలి గానీ ఉసురు తీయకూడదు. ఇంతకీ మిమ్మల్ని చంపిందెవరు లింగస్వామి గారూ?"

పొద్దున హయత్‌నగర్‌లో ఇంటి దగ్గర బైకు తీసినప్పుడు లింగస్వామి గట్టిగానే అనుకున్నాడు, ఈ ముచ్చట ఎవరికీ చెప్పొద్దని. కానీ ఎవరైనా అడిగాక ఆగడం అతని ఇంటావంటా లేదు.

"మామూలుగనే పోతున్న సార్. అడవిల తొవ్వ. ఒక దొంగ అడ్డమొచ్చిండు. ఒక్కడే గద, కత్తి ఎందుకు తియ్యాలె? చెంప మీద ఒక్కటిచ్చిన. ఏడ్సుకుంట ఉరికి, పోయి ఐదుగుర్ని తోల్కొచ్చిండు. ఆ ఐదుగుర్ని గూడ పంపిన, సీదా పైకి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఇరవై మంది వచ్చుంటరు," అన్నాడు స్టీవెన్.

"ఇరవయ్యా? నన్ను గంత అలకగ జూస్తవారా? రెండొందల మంది! ముంగట నల్లతేలు అని ఒగడు. వాని పేరు చెప్తే రాతికోటల పిల్లలు పాలు తాగరు. ఏడడుగుల ఎత్తు, ఎనిమిది చేతులు..."

"ఆ ఆటలో మనుషులకి ఎనిమిది చేతులుంటాయా?" అన్నారు రావు గారు.

"రెండే సార్. గని వాడు కొట్టే స్పీడ్‌కు ఎనిమిది లెక్క కనవడ్డయ్."

ఎదురుసందులో కళ్ళద్దాల షాపులో పనిచేసే జాస్మిన్ గొడుగు ముడుచుకుంటూ పట్టా కిందికి వచ్చింది. రోజూ షాపుకు చాయ్ కట్టించుకుని, ఆగకుండా పోయే పిల్ల. నల్లతేలు పేరు చెవిన పడగానే ఒక్క క్షణం ఆగి, గ్లాసు అందుకుని ఓ పక్కన నిలబడింది. కొత్త శ్రోత దొరికేసరికి లింగస్వామి గొంతు ఇంకో మెట్టెక్కింది.

"నరుకుతున్న, నరుకుతున్న, కత్తి ఇరిగింది. పక్కపొంటి చెట్టు పీకిన. చెట్టు గూడ ఇరిగింది. తుర్కయంజాల్ల మా బామ్మర్ది ఇంట్ల మంచం మీద కూసోని ఆడుతున్ననా, ఆడ లేసిన దుమ్ము ఈడ నా కండ్లల్ల పడ్డది! నిజం అక్కా, మా బామ్మర్ది ఊదిండు. నా దెబ్బలకు ఆట నడిపే కంప్యూటర్లు వేడెక్కి పొగలొస్తున్నయ్. కంపెనీ పెద్దసారు సింగపూర్ కెంచి ఫోన్ చేసిండు. 'లింగస్వామన్నా, జర మెల్లగ కొట్టు, మా మిషన్లు కాలిపోతున్నయ్' అన్నడు."

"సింగపూర్ ఆయనకి తెలుగొచ్చా?"

"నాతోని మాట్లాడతందుకే నేర్సుకున్నడు సార్! నేను ఒక చేత్తోని యుద్ధం చేసుకుంటనే, మీ ఏసీల గ్యాస్ అయిపోయినట్టుంది, ఫిల్టర్లు కడుగుండ్రి అని చెప్పిన. చల్లవడ్డయ్. గప్పటికి మిగిలింది ఇద్దరమే, నేను, నల్లతేలు. ఇద్దరం ఒక్కపారే పొడుసుకున్నం. నేను కింద పడలే. నిలవడే సచ్చిన. పెద్దసారు మల్ల ఫోన్ చేసి ఏడ్సిండు. 'నీకోసం రూల్ మారుస్తం, లేపుతం' అన్నడు. వద్దన్న. సచ్చినోడు సచ్చినట్టె ఉండాలె. గదే ఆటకు ఇజ్జత్."

చివరి ముక్క దగ్గర అతని గొంతు నిజంగానే వణికింది. ఉగ్రకేసరి లేడన్న మాటొక్కటీ కోత కాదు కదా. యాదలక్ష్మి అడక్కుండానే ఇంకో చాయ్ పోసింది. రావు గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అన్నా, ఉగ్రకేసరి అంటే నువ్వేనా?" అంది జాస్మిన్.

"నేనే చెల్లె. పేరు ఇన్నవా?"

"ఇన్నుడేంది? చూసిన. నల్లతేలు నేనే."

లింగస్వామి చెవులు వేడెక్కాయి.

"నిన్ను అడవిపంది కుమ్మింది," అంది ఆ పిల్ల, నొప్పించకూడదన్నట్టు మెల్లగా. "నీ నెత్తి మీద ప్రాణం గీత గింతే మిగిలి ఎర్రగ కొట్టుకుంటుంది. నా దగ్గర ప్రాణం నింపే మందు సీసా ఉండె, ఇద్దామని వచ్చిన. నన్ను జూసి ఉరుకవట్టినవ్. ఆగు ఆగు అని ఆటల మెసేజ్ రాస్తనే ఉన్న. నువ్వేమో 'అన్నా ఇడిసిపెట్టు, పిల్లలు గలోణ్ని' అని రాసినవ్. అయ్యో మన తెలుగాయనే అని ఇంకా జోరుగ ఉరికొచ్చిన. నువ్వు పోయి చెరువుల దుంకినవ్. ఈత రాకపాయె."

"మరి ఆ రెండొందల మంది?" అన్నాడు స్టీవెన్.

జాస్మిన్ చాయ్ ఒక గుక్క తాగింది. "చెరువుల బాతులుండె."

యాదలక్ష్మి చాయ్ గిన్నె పట్టుకునే కూలబడి నవ్వింది. రావు గారికి పొలమారింది. స్టీవెన్ బండి కొయ్యకు తల ఆనించి, "బాతులు... బాతులు..." అంటూ వగర్చాడు. లింగస్వామి మాత్రం జాస్మిన్‌నే చూస్తున్నాడు. ఆ ఆటలో వెనకాల ఎవరు వచ్చినా చంపడానికే వస్తారని అతను ఇన్నాళ్ళూ నమ్మాడు. నమ్మి, ఉరికి, మునిగాడు.

"మందా?" అన్నాడు చివరికి.

"మందే అన్నా. నువ్వు మునిగినంక గూడ జరసేపు ఒడ్డుకాడనే నిలవడ్డ."

లింగస్వామి గ్లాసులోకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఊపుతూ ఊపుతూనే అతనికీ నవ్వొచ్చేసింది. "మంచిది చెల్లె. ఇయ్యాల ఇంకోన్ని పుట్టిస్త. మల్ల మొదటికెంచి. కనవడితే గా సీసా ఇయ్యి."

"ఈపారి కొడతనేమో అన్నా. గా ఆటల ఎవర్నీ నమ్మొద్దు."

"కొట్టు తల్లీ, నీకు దండం పెడత, కొట్టు!" అన్నాడు లింగస్వామి రెండు చేతులూ జోడించి. "నల్లతేలు చేతిల సచ్చిన అంటె నలుగురిల జర ఇజ్జత్ ఉంటది. మందు ఇయ్యనీకె వచ్చిన పిల్లను జూసి చెరువుల పడి సచ్చిన అని ఎట్ల జెప్పుకోవాలె?"