పూత ఆగేదాకా

పెరట్లో పూలమడి దగ్గర తోడికోడళ్ళిద్దరు. చిన్నామె చేతిలో కత్తెర.

"కత్తెరెందుకే? జెర్బెరాకి కత్తెర పెట్టకూడదని చెప్పానుగా. వాడిన పువ్వుని కాడ మొదట్లో పట్టుకుని, మెలితిప్పి లాగాలి. ముక్క మిగిలితే కుళ్ళుతుంది."

"వాడిన పూలకి కాదక్కా. మొక్కలన్నీ మొదలంటా కోసేద్దామని."

"పిచ్చా నీకు? పచ్చటి మొక్కల్ని పట్టుకుని ఏం మాటలే అవి!"

"మరేం చెయ్యను? హాస్పిటల్ నుంచి హెడ్ నర్సు మళ్ళీ ఫోన్ చేసింది. సోమవారానికి రాకపోతే నా ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"ఇంకో నాలుగు రోజులు ఆగమను."

"నేను ఆగమంటే ఆగడానికి అదేమన్నా మన వంటిల్లా? పూత ఆగేదాకా తోట చూసుకో, ఆగగానే ఉద్యోగానికి వెళ్ళు అన్నారు మామయ్యగారు. నువ్వేగా వచ్చి చెప్పావు. బంతిపూలలాగా కొన్నాళ్ళు పూసి ఎండిపోతాయనుకున్నా. ఎండలు పోయాయి, వానలు పోయాయి, ఇవి పూస్తూనే ఉన్నాయి!"

"జెర్బెరా అంతే. ఏళ్ళతరబడి బతుకుతుంది. శ్రద్ధగా చూసుకుంటే పూస్తూనే ఉంటుంది."

"ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వు... నువ్వడగలేదుగా."

"అడగలేదట! నర్సరీ ఆయన చెప్పాడు. వాడినవి తీసేస్తుంటేనే కొత్త మొగ్గలొస్తాయట. వదిలేస్తే విత్తనం పట్టి పూత తగ్గుతుందట. అంటే ఇన్నాళ్ళూ నా సంకెళ్ళు నేనే తోముకుంటున్నా."

"ఆయనకేం తెలుసు."

"తెలుసో లేదో చూద్దామని ఈ వారం ఒక్క పువ్వూ ముట్టుకోలేదు. పొద్దున చూస్తే మడిలో వాడిన పువ్వు ఒక్కటీ లేదు."

"గాలికి రాలుంటాయి."

"కాడ మొదట్లో మెలితిప్పి లాగే గాలా?"

"ఎండ చుర్రుమంటోంది. లోపలికి పద, కాఫీ పెడతా."

"కాఫీ వద్దు, ఏమీ వద్దు. మీ మరిదిని అడిగితే, నాన్న మాట కాదనలేను అంటాడు. ఇవాళ నేనే వెళ్ళి మామయ్యగారిని అడుగుతా."

"ఆయన ఎదురుగానా? ఈ ఇంట్లో చిన్నకోడలు మామగారితో నేరుగా మాట్లాడడం ఎక్కడైనా ఉందా?"

"లేదనేగా నా మాట నీ చేత చెప్పించాను. ఇంక చాలు. పక్కకి జరుగు."

"వద్దే. నా మాట విను. నువ్వొచ్చాకే ఈ ఇంట్లో నన్ను 'తిన్నావా' అని అడిగే మనిషి దొరికింది. అంతకుముందు గోడలతో మాట్లాడుకునేదాన్ని. నిజంగానే, గిన్నెలు తోముతూ గోడలతో మాట్లాడుకునేదాన్ని."

"అందుకని నా బతుకూ ఇక్కడే తెల్లారిపోవాలా? చెయ్యి వదులు. వదులక్కా! మామయ్యగారూ..."

"ష్! పిలవకు! ఏమని అడుగుతావు?"

"పూత ఆగకపోయినా నన్ను వెళ్ళనివ్వమని."

"అలా అడిగితే ఆయనకి అర్థం కాదు."

"ఎందుకర్థం కాదు? ఆ షరతు పెట్టిందే ఆయనగా!"

"ఆయన... నీ సంగతి చెప్పిన రోజే, 'దానికి నన్నడగడమెందుకమ్మా, రేపే వెళ్ళమను' అన్నారే."