అందరూ దాచుకున్న పరుగు

ఏ మలుపు దాకా గుర్రం బలం దాచాలో బావమరిదికి లెక్కగట్టి ఇచ్చిన లెక్కల మాస్టారు, గుర్రపుశాల బయట బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. పందెంలో ఓడిన ఆ జాకీ బావమరిది టోపీ విసిరికొట్టాడు.

“నువ్వు చెప్పినట్టే ఆఖరి మలుపు దాకా పగ్గం బిగబట్టాను బావా!”

“మరి ఓడిపోవడమేంటి?”

“అందరూ బిగబట్టారు! పందెంలో ఊరేగింపులా నడిచాం. జనం ఒకటే నవ్వు!”

“గెలిచిందెవరు?”

“ఆ కొత్తవాడు. ఎంత లాగినా వాడి గుర్రం ఆగలేదు! నిజం చెప్పు, లెక్క ఎవరికి చెప్పావు?”

“ఒట్టు! మీ అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు.”

“అక్కకా! ఇంకేం, జాకీల పెళ్లాలందరికీ చేరిపోయింది.”

“మరి నీ ఉద్యోగం?”

“ఓనరు ఇంకొక్క పందెం చూస్తానన్నాడు. ఈసారి మొదటినుంచీ దౌడు తీసే లెక్క కట్టు.”

“కడతాను. మీ అక్కకు చెప్పనులే.”

“అయ్యో, చెప్పు బావా! పాత లెక్కే గట్టిదని మరీ మరీ చెప్పు!”